ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపిస్తే భయపడాలా?

మీరు అడిగింది ఇదీ. కొత్తగా అమర్చుకున్న డెస్క్‌టాప్‌లో ఏఎమ్‌డి వాళ్ల ప్రాసెసర్ రైజెన్ 9 7950ఎక్స్ ఉంది, దానికి 240 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ పెట్టారు. వీడియో రెండర్ మొదలుపెట్టగానే 95 డిగ్రీలకు వెళ్లి అక్కడే నిలబడిపోతోంది. ఇంట్లో ఐదేళ్ల నాటి ఇంటెల్ ల్యాప్‌టాప్ కూడా ఉంది. గేమ్ ఆడుతుంటే అది 97, 98 చూపిస్తోంది, పది నిమిషాలకే గేమ్ తడబడుతోంది. నిరుడు ఇలా లేదు. 70 దాటితే చిప్ పాడైపోతుందని ఎవరో చెప్పారు. రెండింటినీ వాడటం ఆపేయాలా అని మీ టెన్షన్.

డెస్క్‌టాప్ విషయంలో నిశ్చింతగా ఉండండి. ల్యాప్‌టాప్‌ను మాత్రం వీలైనంత త్వరగా విప్పి చూడాలి. రెండూ దాదాపు ఒకే నంబర్ చూపిస్తున్నా నా సమాధానం వేర్వేరుగా ఎందుకుందో చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్లు విప్పడం, బిగించడమే నా పని. అక్కర్లేని భయంతో బాగున్న మెషీన్ పట్టుకొచ్చినవాళ్లనూ చూశాను, నిజంగా చూపించుకోవాల్సిన మెషీన్‌ను నెలల తరబడి అలాగే వాడి చివరికి తెచ్చినవాళ్లనూ చూశాను. ఇద్దరూ చూసింది ఒక్క టెంపరేచర్ నంబర్‌నే. దాని పక్కన ఇంకో రెండు మూడు సంగతులు చూసి ఉంటే వాళ్లకే అర్థమయ్యేది.

ముందు ఆ 70 సంగతి చూద్దాం. ఒకప్పుడు ఇంటెల్ తన డెస్క్‌టాప్ చిప్‌లకు టీకేస్ అనే లెక్క ఇచ్చేది. చిప్ మీద ఉండే లోహపు మూత నడిమధ్యలో వేడి ఎంతవరకు ఉండొచ్చో చెప్పే లెక్క అది. ఉదాహరణకు ఐ7-4790కె చిప్‌కు అది 74 డిగ్రీలు. కానీ మనం సాఫ్ట్‌వేర్‌లో చూసేది మూత వేడి కాదు. మూత కింద ఉన్న సిలికాన్ ముక్కలో, కోర్ (లెక్కలు చేసే భాగం) పక్కనే ఉన్న సెన్సర్ చెప్పే వేడి. లోడ్ పడినప్పుడు ఈ రెండింటికీ చాలా తేడా ఉంటుంది. అదే 4790కె చిప్‌లో లోపలి పరిమితి 100 డిగ్రీలు. మూతకు ఇచ్చిన లెక్కను కోర్‌కు అంటగట్టడం వల్లే ‘డెబ్బై దాటితే ప్రమాదం’ అనే మాట జనం నోళ్లలో నానిందని నా అభిప్రాయం. ఇప్పటికీ అది వదల్లేదు.

ఇప్పుడు మీరు వెతకాల్సిన నంబర్ టీజంక్షన్ మ్యాక్స్, వాడుకలో టీజేమ్యాక్స్. సిలికాన్ లోపల వేడి ఎంతవరకు వెళ్లొచ్చో తయారీదారు పెట్టిన హద్దు అది. చిప్‌ను బట్టి మారుతుంది. ఇంటెల్ 12, 13, 14వ తరం డెస్క్‌టాప్ కోర్ చిప్‌లకు 100 డిగ్రీలు. ఆ తర్వాత వచ్చిన కోర్ అల్ట్రా 200 వరసలో డెస్క్‌టాప్ చిప్‌లకు 105. మీ 7950ఎక్స్‌కు 95. అదే తరంలోని 7800ఎక్స్‌3డికి మాత్రం 89, అంతకుముందు తరం 5800ఎక్స్‌3డికి 90. ఈ రెండింటిలో అదనపు క్యాష్ (చిప్ లోపలి వేగమైన మెమరీ) ముక్కను కోర్ల ముక్క మీద పేర్చారు, దాని గుండా వేడి బయటికి రావాలి. 9800ఎక్స్‌3డిలో ఆ క్యాష్‌ను కోర్ల కిందికి మార్చారు, హద్దు మళ్లీ 95కు వచ్చింది. రాస్ప్‌బెర్రీ పై 4 లాంటి చిన్న బోర్డు 80 దగ్గరే వేగం తగ్గించడం మొదలుపెడుతుంది. అందుకే ‘ప్రాసెసర్‌కు ఎంత వేడి సేఫ్’ అని అడిగితే ‘ఏ ప్రాసెసర్‌కు’ అని తిరిగి అడగక తప్పదు. మీ చిప్ మోడల్ పేరుతో తయారీదారు పేజీ తెరిస్తే ఈ అంకె అక్కడే ఉంటుంది.

ఆ హద్దు తగిలిన క్షణాన చిప్ కాలిపోదు. తన క్లాక్ స్పీడ్‌నూ (పని చేసే వేగం), వోల్టేజ్‌నూ తానే తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటాం. కరెంటు వాడకం తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, కాస్త చల్లబడగానే మళ్లీ వేగం పెంచుతుంది. ఇదంతా సెకనులో ఎన్నోసార్లు జరుగుతుంది. వేగం తగ్గించినా వేడి ఆగకపోతే, అంటే కూలర్ ఊడిపోవడం లాంటిదేదైనా జరిగితే, హద్దు దాటి ఇంకా పైకి వెళ్లాక చిప్ కరెంటు ఆపేయమని సిగ్నల్ ఇస్తుంది. స్క్రీన్ ఒక్కసారిగా నల్లబడుతుంది. విండోస్ షట్‌డౌన్ అయినట్టు నెమ్మదిగా కాదు, ప్లగ్ పీకేసినట్టు.

ఎప్పుడూ ఇలా లేదు. 2001 నాటి అథ్లాన్ చిప్ నడుస్తుండగా హీట్‌సింక్ (చిప్ వేడిని లాక్కునే లోహపు దిమ్మ) తీసేస్తే క్షణాల్లో పొగ వచ్చి చచ్చిపోయేది. అదే కాలపు పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకుని బతికేది. ఆ రోజుల్లో ఈ పని నేర్చుకున్న పెద్దవాళ్లు టెంపరేచర్ అంటే ఎందుకు ఉలిక్కిపడతారో నాకు అర్థమవుతుంది. వాళ్ల భయం ఆ కాలానికి న్యాయమైనదే.

ఇక మీ 7950ఎక్స్. రెండర్‌లో 95కు వెళ్లి అక్కడే నిలబడటం దాని లోపం కాదు, దాన్ని తయారు చేసిందే అలా. 2022లో ఈ తరం విడుదలైనప్పుడే, పని ఎక్కువగా ఉన్నప్పుడు 95 దగ్గర నడవడం తమ డిజైన్‌లో భాగమని, దానివల్ల చిప్‌కు హాని లేదని ఏఎమ్‌డి చెప్పింది. పాత చిప్‌లు ఒక వేగం దగ్గర ఆగేవి, ఎంత వేడి వస్తే అంత వచ్చేది. ఇది అందుకు తలకిందులు. పవర్, కరెంటు, వేడి, ఈ మూడింటిలో ఏదో ఒక హద్దు తగిలేదాకా వేగం పెంచుకుంటూ పోతుంది. దీని పవర్ హద్దు 230 వాట్లు. మీ కూలర్ అంతవరకు మోయలేకపోతే ముందుగా 95 డిగ్రీల హద్దు తగులుతుంది.

దీనిలోంచి ఒక విచిత్రం పుడుతుంది. రేపు మీరు ఇంకా పెద్ద కూలర్ కొని పెట్టారనుకోండి, అప్పుడూ 95 చూపించవచ్చు. ‘డబ్బు దండగ’ అనిపిస్తుంది. కానీ పక్కన క్లాక్ స్పీడ్ చూస్తే అది 100, 150 మెగాహెర్ట్జ్ పెరిగి ఉంటుంది. కూలర్ ఇచ్చిన వెసులుబాటును చిప్ వేగంగా మార్చుకుంది. అందుకే ఈ తరం చిప్‌లలో డిగ్రీలను ఒక్కదాన్నే చూస్తే ఏమీ తెలియదు. డిగ్రీలు, గిగాహెర్ట్జ్, వాట్లు, మూడూ పక్కపక్కన చూడాలి. రెండర్ మొత్తం సేపు అన్ని కోర్లూ దాని బేస్ వేగమైన 4.5 గిగాహెర్ట్జ్‌కు పైనే నడుస్తుంటే మీ కూలర్ తన పని తాను చేస్తోందని అర్థం.

అంత వేడి అసలు ఎందుకు వస్తుందన్నది కూడా చెప్పాలి. ఆ చిప్‌లో కోర్లు ఉండే ముక్కలు రెండు. ఒక్కోటి సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు, మీ చిటికెన వేలి గోరంత. వందకు పైగా వాట్ల వేడి అంత చిన్న చోటులోంచి బయటికి రావాలి. దాని మీద మూత కూడా మందంగా ఉంటుంది, పాత ఏఎమ్4 సాకెట్ కోసం చేసిన కూలర్లు దీనికీ సరిపోవాలని ఎత్తు అలాగే ఉంచారు. కాబట్టి మీ కూలర్‌లో నీటిని చల్లార్చే రేడియేటర్ ఎంత పెద్దదైనా ఇరుకంతా ఆ మొదటి రెండు మూడు మిల్లీమీటర్లలోనే ఉంది. రేడియేటర్ మీద చేయి పెడితే గోరువెచ్చగా ఉంటుంది, లోపల మాత్రం 95. చాలామంది కూలర్ పని చేయట్లేదనుకునేది ఇక్కడే.

అయినా మనసొప్పకపోతే, లేదా ఫ్యాన్ల చప్పుడు భరించలేకపోతే, బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ఎకో మోడ్ ఉంది. అందులో 105 వాట్ల ఎకో పెడితే చిప్ 142 వాట్లు దాటదు, 65 వాట్ల ఎకో పెడితే 88 దాటదు. నా రెండర్ మెషీన్‌లో నేను ఎప్పుడూ 105 ఎకోలోనే నడుపుతాను. రెండర్ కొద్దిగా ఆలస్యమవుతుంది, గది మాత్రం హాయిగా ఉంటుంది. చివరి కొన్ని మెగాహెర్ట్జ్ కోసం చిప్ లెక్కకు మించి కరెంటు తింటుంది, ఆ కొసను కోసేస్తే మిగిలేది చాలా పొదుపైన ప్రాసెసర్. మీరూ ఒక్కరోజు పెట్టి చూడండి, నచ్చకపోతే తీసేయొచ్చు.

‘హాని లేదన్నారు సరే, ఆయుష్షు తగ్గదా’ అని మీరు అడగొచ్చు. వేడికీ ఆయుష్షుకీ సంబంధం ఉన్న మాట నిజమే. చిప్‌లోని అతి సన్నని తీగల్లో కరెంటు పారేటప్పుడు ఎలక్ట్రాన్లు లోహపు అణువులను మెల్లగా నెట్టుకుపోతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఒకచోట తీగ పలచబడుతుంది, ఇంకోచోట గడ్డ కడుతుంది. దీన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. జేమ్స్ బ్లాక్ అనే ఇంజనీర్ 1960ల చివర్లో దీనికి ఒక సమీకరణం ఇచ్చాడు. ఆ లెక్కలో వేడి ఒక్కటే లేదు, తీగలో ఎంత దట్టంగా కరెంటు పారుతోందన్నది కూడా ఉంది. వోల్టేజ్ పెరిగితే ఇవి రెండూ పెరుగుతాయి. అదీగాక వోల్టేజ్ నేరుగా ట్రాన్సిస్టర్లలోని పలుచని పొరలను అరగదీస్తుంది. తయారీదారు పెట్టిన హద్దులోపు వేడి, వోల్టేజ్ ఉంటే ఈ అరుగుదలను ముందే లెక్కలో వేసుకునే చిప్ తయారుచేస్తారు.

ఈ మధ్య జరిగిన రెండు సంఘటనలు చూడండి. 2023లో కొన్ని 7800ఎక్స్‌3డి చిప్‌లు సాకెట్‌లోనే కాలిపోయాయి. దాని తర్వాత బయోస్ అప్‌డేట్లు ఇచ్చి ఎస్ఓసి వోల్టేజ్ (చిప్‌లో కోర్లు కాని భాగానికి అందే వోల్టేజ్) 1.3 వోల్టులు దాటకుండా కట్టడి చేశారు. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లు చాలామందికి క్రాష్ అవుతున్న సంగతి పెద్ద గొడవైంది. చిప్ అవసరానికి మించి వోల్టేజ్ అడగడం దానికి ముఖ్య కారణాల్లో ఒకటని తేల్చి ఇంటెల్ ఆ ఏడాది ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి అనే మైక్రోకోడ్‌లు (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్ సవరణలు) ఇచ్చింది, వారంటీ మరో రెండేళ్లు పెంచింది. వాడేవాళ్లలో ఎక్కువమంది డిగ్రీలను చూస్తూ ఉన్నారు, దెబ్బ మాత్రం వోల్టేజ్ వైపు నుంచి వచ్చింది. అందుకే నా దగ్గరకు ఏ కొత్త డెస్క్‌టాప్ వచ్చినా కూలర్ కంటే ముందు బయోస్ ఏ తేదీదో చూస్తాను. మీది కూడా ఇంతవరకు అప్‌డేట్ చేయకపోతే ఈరోజే చేయండి. మెషీన్ బాగానే నడుస్తోంది కదా అని దీన్ని వాయిదా వేయకండి.

ఐడిల్‌లో, అంటే ఏ పనీ లేనప్పుడు, 50 డిగ్రీలు ఉందని కూడా రాశారు. దాన్ని పట్టించుకోకండి. బ్రౌజర్ తెరవగానే 50 నుంచి 65కు గెంతి మళ్లీ దిగుతుంది, రైజెన్‌ల అలవాటే అది. ఒక్క కోర్ క్షణంపాటు పూర్తి వేగానికి వెళ్లి దిగినప్పుడు దాని సెన్సర్ ఆ గెంతును పట్టుకుంటుంది. ఆ గెంతుకల్లా ఫ్యాన్ గుయ్యిమంటుంటే ఫ్యాన్ సెట్టింగ్‌లో రెండు మూడు సెకన్ల ఆలస్యం పెట్టుకోండి. ఇంటెల్ చిప్‌లలోని సెన్సర్లయితే తమ వేడిని ‘హద్దుకు ఇంకా ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నాను’ అన్న రూపంలో చెబుతాయి. హద్దు దగ్గర అవి ఖచ్చితంగా ఉంటాయి, బాగా చల్లగా ఉన్నప్పుడు కొంచెం అటూ ఇటూ అవుతాయి. అందుకే ఐడిల్ నంబర్ పట్టుకుని ఇద్దరు వాదించుకోవడం వృథా.

గది వేడిని మాత్రం మరిచిపోకూడదు. గాలి కూలరైనా నీటి కూలరైనా గదిలోని గాలికంటే చల్లగా చిప్‌ను చేయలేదు. గదికన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువ అన్నదే కూలర్ పనితనం. గది 22 ఉన్నప్పుడు 72 చూపిన చిప్, గది 34 ఉన్న రోజున అదే పనికి 84 దరిదాపుల్లో చూపిస్తుంది. కూలర్‌కు ఏమీ కాలేదు. ఇంటర్నెట్‌లో ఇంకొకరి నంబర్‌తో మీది పోల్చుకునే ముందు వాళ్ల గది ఎంత చల్లగా ఉందో అడగండి.

ఇప్పుడు ల్యాప్‌టాప్ దగ్గరికి వద్దాం. నాకు దిగులు దీని గురించే. 98 అన్న అంకె చూసి కాదు. సన్నని ల్యాప్‌టాప్‌లలో గేమ్ ఆడేటప్పుడు 90 దాటడం మామూలే, వాటిలోని ఇంటెల్ చిప్‌లలో చాలావాటి హద్దు 100. నన్ను ఆపిన మాట ‘నిరుడు ఇలా లేదు’ అని మీరు రాసింది. అదే గేమ్, అదే గది, అదే మెషీన్, నంబర్ మాత్రం మారింది, పైగా గేమ్ తడబడుతోంది. చిప్ మారలేదు కాబట్టి వేడి బయటికి వెళ్లే దారి మూసుకుపోతోందన్నమాట.

వేడి ఎలా పెరుగుతోందో గమనిస్తే రోగం ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. వేడి, వేగం చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిచి పెట్టుకుని లోడ్ పెట్టండి. ఒకటి రెండు సెకన్లలోనే 45 నుంచి 98కి ఎగిరి, లోడ్ ఆపగానే అంతే వేగంగా పడిపోతే చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పొత్తు సరిగా లేదు. ఆ రెండింటి మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోవడమో, స్క్రూ వదులవడమో జరిగి ఉంటుంది. అలా కాక మొదట 75 దగ్గర ఉండి, నాలుగైదు నిమిషాల్లో మెల్లగా ఎక్కి, ఆపాక కూడా చల్లారడానికి చాలాసేపు పడితే హీట్‌సింక్ వేడిని తీసుకుంటోంది కానీ బయటికి వదల్లేకపోతోంది. అది దుమ్ము, లేదా ఫ్యాన్. నిన్నటిదాకా బాగుండి ఈరోజు ఉన్నట్టుండి చెడితే ఫ్యాన్ ఆగిపోయి ఉంటుంది. లిక్విడ్ కూలర్‌లో అయితే పంప్ ఆగిపోయి ఉంటుంది. పంప్ ఆగితే రెండు గొట్టాల్లో ఒకటి వేడిగా, ఇంకోటి చల్లగా తగులుతుంది. చేత్తో పట్టుకుంటే చాలు, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. మీది పది నిమిషాలకు తడబడుతోంది కాబట్టి నా అనుమానం దుమ్ము మీదకే పోతోంది. ఐదేళ్ల పేస్ట్ కూడా తన వంతు చేసే ఉంటుంది.

కిందటి నెల సరిగ్గా ఇలాంటిదే ఒకటి విప్పాను. వెనక జాలీలోంచి చూస్తే శుభ్రంగా ఉంది, అప్పటికే రెండుసార్లు బయటినుంచి గాలి కొట్టించామన్నారు. కింది మూత తీసి, ఫ్యాన్‌కున్న మూడు స్క్రూలు విప్పి ఫ్యాన్‌ను పైకెత్తాను. ఫ్యాన్‌కూ రాగి రెక్కలకూ మధ్య దుమ్ము కంబళి ముక్కలా పేరుకుని ఉంది. ఎంత దట్టంగా ఉందంటే ట్వీజర్‌తో ఒక మూల పట్టుకుని లాగితే మొత్తం ఒకే పట్టీలా ఊడి వచ్చింది, రెక్కల గీతలు దాని మీద అచ్చు పడి ఉన్నాయి. బయటినుంచి గాలి కొట్టినప్పుడు అది అటూ ఇటూ కదిలిందే తప్ప బయటికి రాలేదు, రావడానికి దారి లేదు. పేస్ట్ ముట్టకుండా ఆ పట్టీ ఒక్కటి తీసి బిగించాక అదే గేమ్‌లో 97 నుంచి 84కు దిగింది.

మీరే చేయగలరా అంటే, చిన్న స్క్రూడ్రైవర్ పట్టడం అలవాటుంటే చేయగలరు. చార్జర్ తీసి, ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, కింది మూత తీయగానే మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఇది మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మానొద్దు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే అది తన హద్దుకు మించి తిరిగి బేరింగ్ పాడవుతుంది. హీట్‌సింక్ కూడా తీయాల్సి వస్తే స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని చెక్కి ఉంటుంది. విప్పేటప్పుడు వెనక నుంచి ముందుకు, బిగించేటప్పుడు ముందు నుంచి వెనక్కు, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా తిప్పాలి. ల్యాప్‌టాప్‌లో చిప్ మీద లోహపు మూత ఉండదు, అద్దంలా మెరిసే సిలికాన్ నేరుగా కనిపిస్తుంది. దాని మూల కొంచెం విరిగినా బోర్డు పోయినట్టే. అందుకే ఒకేవైపు గట్టిగా బిగించొద్దంటున్నాను.

పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పీచు రాని గుడ్డతో తుడవాలి. ఇలా మూత లేని చిప్‌ల మీద మామూలు పేస్ట్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. చిప్ వేడెక్కి చల్లారినప్పుడల్లా కొద్దిగా వంగి లేస్తుంది, ఆ కదలికకు పేస్ట్ మెల్లగా అంచులకు జారిపోతుంది. కొత్త పేస్ట్ వేసిన నెలకు బాగుండి, ఆరు నెలలకు మళ్లీ మొదటికొచ్చిందని చాలామంది నాతో అన్నారు. అందుకే ల్యాప్‌టాప్‌లకు నేను ఫేజ్ చేంజ్ షీటే వాడుతున్నాను, హనీవెల్ పీటీఎమ్7950 లాంటిది. గది వేడిలో గట్టిగా ఉండి, చిప్ వేడెక్కాక మెత్తబడి ఖాళీలు నింపుతుంది, అంచులకు జారిపోదు. మొదటి కొన్నిసార్లు వేడెక్కి చల్లారేదాకా పూర్తి ఫలితం కనిపించదు, కంగారుపడకండి.

శుభ్రం చేశాక కూడా గేమ్‌లో 90 చూపించవచ్చు. అప్పుడు ‘ఏం లాభం’ అనుకోకుండా క్లాక్ స్పీడ్ చూడండి. మునుపు 98 దగ్గర 2.3 గిగాహెర్ట్జ్‌కు కుంగిపోయిన చిప్ ఇప్పుడు 90 దగ్గర 3.4లో నిలకడగా ఉంటే మీ పని ఫలించినట్టే. విప్పేదాకా కూడా మెషీన్ వాడుకోవాలంటే విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 99 శాతానికి తగ్గించండి. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో దీనితో టర్బో (చిప్ తన మూల వేగానికి మించి పరిగెత్తడం) ఆగిపోతుంది, వేడి పది పదిహేను డిగ్రీలైనా దిగుతుంది. ఇది ఉపశమనమే, మందు కాదు.

ల్యాప్‌టాప్‌లో నాకు చిప్ కంటే దాని పక్కనున్నవాటి మీదే బెంగ. సిలికాన్ 98 తట్టుకుంటుంది, లిథియం బ్యాటరీ తట్టుకోదు. చార్జర్ పెట్టే ఉంచి, బ్యాటరీ నూరు శాతం నిండి, పైన గంటల తరబడి గేమ్ వేడి తగులుతుంటే బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది, కొన్నిసార్లు ఉబ్బుతుంది. టచ్‌ప్యాడ్ ఒకవైపు లేచినట్టు, నొక్కితే బిగుసుకున్నట్టు అనిపించినా, బల్ల మీద పెడితే అడుగు భాగం ఊగుతున్నా చార్జింగ్ వెంటనే ఆపి బ్యాటరీ మార్పించండి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చడం, నొక్కి సర్దడం ప్రాణాపాయం. ఈ ఒక్క విషయంలో ‘చూద్దాంలే’ అనొద్దు. ఉబ్బు లేకపోతే చార్జ్ 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగ్ ఉందేమో చూసి పెట్టుకోండి.

దీనికి పూర్తిగా ఎదురైన కేసు కూడా ఒకటి వస్తుంటుంది. మెషీన్ 50 డిగ్రీలే చూపిస్తుంది, కానీ నత్తలా నడుస్తుంది, క్లాక్ 800 మెగాహెర్ట్జ్ దాటదు. చార్జర్‌ను ల్యాప్‌టాప్ గుర్తించకపోయినా, బోర్డులో ప్రాసెసర్‌కు కరెంటిచ్చే భాగం వేడెక్కినా, బయటినుంచి చిప్‌కు ‘వేగం తగ్గించు’ అన్న సిగ్నల్ వెళ్లొచ్చు. టెంపరేచర్ చల్లగా ఉందని సంతోషించడానికి అక్కడ ఏమీ లేదు. ముందు చార్జర్ మార్చి చూడాలి.

మళ్లీ మీ డెస్క్‌టాప్‌కు ఒక్క మాట. మీరే అమర్చుకున్నానన్నారు కాబట్టి అడుగుతున్నాను, కూలర్ అడుగున ఉండే పలుచని ప్లాస్టిక్ పొర తీశారా? ఒకసారి ఒకాయన అచ్చం మీలాంటి మెషీన్ తెచ్చారు. కూలర్ విప్పి చూస్తే పేస్ట్ చక్కగా పరుచుకుని ఉంది, దాని మీద పారదర్శకమైన పొర, పొర మీద ‘వాడే ముందు తీసేయండి’ అన్న అక్షరాలు. మూడు నెలలు అలాగే వాడారు, చిప్‌కు ఏమీ కాలేదు. పొర ఒలిచి పేస్ట్ మళ్లీ వేసి బిగించాం. 95 అలాగే ఉంది, కానీ అన్ని కోర్ల వేగం 4 గిగాహెర్ట్జ్ లోపు నుంచి 5 దగ్గరికి వచ్చింది. మీదీ 4.5కు దిగువన కుంగుతుంటే ఈ అనుమానం తీర్చుకోండి. పంప్ రేడియేటర్ కంటే ఎత్తులో లేకుండా కూడా చూసుకోండి, లోపలి గాలి బుడగ పంప్‌లోకి చేరితే గలగలమని చప్పుడు వస్తుంది.

ప్రాసెసర్‌ను విపరీతంగా శ్రమపెట్టే ప్రైమ్95 అనే సాఫ్ట్‌వేర్‌లోని స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ పరీక్ష పెట్టి భయపడొద్దు. రోజూ చేసే పనిలో అంత లోడ్ ఎప్పుడూ రాదు. మీరు చేసే రెండరే మీకు సరైన పరీక్ష. సినీబెంచ్ అనే రెండర్ పరీక్ష పది నిమిషాలు నడిపినా చాలు.

నేను బిగించిన ప్రతి డెస్క్‌టాప్ సైడ్ ప్యానెల్ లోపలివైపు ఒక చిన్న కాగితం అతికిస్తాను. తేదీ, గది వేడి, పది నిమిషాల లోడ్ తర్వాత డిగ్రీలు, వాట్లు, అన్ని కోర్ల వేగం, ఫ్యాన్ వేగం, ఇంతే. ఏడాది తర్వాత అదే మెషీన్ వస్తే ఆ కాగితం పక్కన మళ్లీ అదే పరీక్ష పెడతాను. అప్పుడు 88 చూపిస్తే మంచిదా కాదా అని ఎవరితోనూ వాదించక్కర్లేదు, కాగితం మీద 76 ఉంటే పని ఉన్నట్టు, 87 ఉంటే లేనట్టు. మీ 7950ఎక్స్‌కు ఈరోజే అలా ఒకటి రాసి పెట్టండి, అందులో 95 పక్కన గిగాహెర్ట్జ్ అంకె తప్పకుండా ఉండాలి. ల్యాప్‌టాప్‌కు విప్పకముందు ఒకసారి, బిగించాక ఒకసారి రాయండి. విప్పాక కూడా తేడా రాకపోతే ఆ రెండు వరసలూ, లోడ్ పెట్టిన మొదటి ఐదు సెకన్లలో వేడి ఎంతకు ఎగిరిందో నాకు పంపండి. తప్పు పేస్ట్‌దో, ఫ్యాన్‌దో, వేడిని మోసుకెళ్లే హీట్ పైప్‌దో అవి చూసి చెబుతాను.